లండన్ నుంచి ప్యారిస్‌కు విమానమా, రైలా, బస్సా? ఇంటి గుమ్మం నుంచి లెక్క వేద్దాం

అమ్మా నాన్నా మొదటిసారి లండన్ వచ్చినప్పుడు, ఇంత దూరం వచ్చారు కదా, ప్యారిస్ కూడా చూపించి పంపుదామనుకున్నాను. ఫోన్‌లో చూస్తే విమానానికి గంటా ఇరవై నిమిషాలు, రైలుకు రెండు గంటల ఇరవై నిమిషాలు. గంట కలిసొస్తోంది, టికెట్టూ చవగ్గా ఉంది. ఇంకేం ఆలోచించకుండా విమానం బుక్ చేశాను. ఉదయం ఐదున్నరకు ఈస్ట్ హామ్‌లో ఇంటికి తాళం వేసి బయల్దేరాం. ప్యారిస్ హోటల్ గదిలో నాన్న చెప్పులు విడిచేసరికి అక్కడి గడియారంలో ఒంటిగంటన్నర. రెండు దేశాల మధ్య ఉన్న గంట తేడా తీసేసినా ఏడు గంటలు. విమానం ఆలస్యం కాలేదు, దారి తప్పలేదు, అంతా సవ్యంగానే జరిగింది. అయినా ఏడు గంటలు పట్టింది.

తిరుగు విమానం ధర ఎక్కువగా ఉండటంతో వచ్చేటప్పుడు రైలెక్కాం. హోటల్ తలుపు నుంచి మా ఇంటి తలుపుకు నాలుగున్నర గంటలు పట్టింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఫోన్‌లో కనిపించే గంటా ఇరవైని నమ్మి నిర్ణయం తీసుకోకండి. మీ ఇల్లు ఎక్కడ, ప్యారిస్‌లో దిగాల్సిన చోటు ఎక్కడ, చేతిలో ఎన్ని పెట్టెలు, వెంట ఎవరున్నారు, ఈ నాలుగూ చూసుకుంటే ఏదెక్కాలో తేలిపోతుంది. చాలామందికి అది రైలే అవుతుంది. కొందరికి మాత్రం విమానమే సరైనది, వాళ్ల గురించి కూడా రాస్తాను.

అసలు దూరం ఎంత?

లండన్ నడిబొడ్డు నుంచి ప్యారిస్ నడిబొడ్డుకు గీత గీసినట్టు కొలిస్తే సుమారు 344 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి రాజమండ్రికి తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం కూడా దాదాపు ఇంతే. రోడ్డు మీద, మధ్యలో సముద్రం దాటడంతో కలిపి, 460 కిలోమీటర్ల వరకూ అవుతుంది. రైలు పట్టాల మీద 492 కిలోమీటర్లు. అంటే రైలు విమానం కంటే దాదాపు 150 కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతుంది. అయినా ముందు చేరుతుంది. ఎందుకో తెలియాలంటే ఆ గంటా ఇరవైని కొంచెం విప్పి చూడాలి.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే 344 కిలోమీటర్లకు పట్టాల్సింది 26 నిమిషాలు. మరి టైమ్‌టేబుల్‌లో 75 నుంచి 80 నిమిషాలు ఎందుకు వేస్తారు? ఇంత తక్కువ దూరంలో విమానం ఆ వేగాన్ని అందుకుని దాని మీద నిలకడగా ఎగిరే సమయం చాలా తక్కువ. పైకి ఎక్కడం పూర్తి కాగానే దిగడం మొదలవుతుంది. సీట్ బెల్ట్ లైట్ ఆరిపోయి టీ కప్పు చేతికి వచ్చేలోపే, కిందికి దిగుతున్నాం అని ప్రకటన వినిపిస్తుంది. గాల్లో ఉండేది ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు.

మిగతా సమయమంతా నేల మీదే పోతుంది. టైమ్‌టేబుల్‌లో వేసే సమయం చక్రాలు గాల్లోకి లేచిన క్షణం నుంచి కాదు, గేటు దగ్గర విమానం కదిలిన క్షణం నుంచి మొదలై, అవతలి గేటు దగ్గర ఆగే వరకూ లెక్క. లండన్‌లోని హీత్రూ విమానాశ్రయంలో ఉన్న రెండు రన్‌వేలూ రోజంతా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి టేకాఫ్ కోసం వరసలో నిలబడాలి. ప్యారిస్‌లో షార్ల్ ద గాల్ విమానాశ్రయానికి నాలుగు రన్‌వేలున్నాయి. కానీ అది ఎంత విశాలమంటే, దిగాక టెర్మినల్ దాకా పాకడానికే పది నిమిషాల పైన పడుతుంది. తిరుగు ప్రయాణంలో హీత్రూ మీద గాల్లో చక్కర్లు కొట్టించడం మామూలే. వీటన్నిటికీ సరిపడేలా విమాన సంస్థలు ముందే కాస్త సమయం కలిపి వేస్తాయి. అందుకే ఒక్కోసారి ఆలస్యంగా కదిలిన విమానం కూడా సమయానికే చేరినట్టు కనిపిస్తుంది.

ఈ రెండు ఊళ్ల మధ్య దారికి విమాన చరిత్రలో పెద్ద స్థానం ఉంది. 1919 ఆగస్టు 25న, ఇప్పటి హీత్రూకు దగ్గరలోనే ఉన్న హౌన్‌స్లో హీత్ మైదానం నుంచి ప్యారిస్ పక్కనున్న లె బూర్జేకు రోజువారీ అంతర్జాతీయ విమాన సర్వీసు మొదలైంది. ఆ తొలి విమానంలో ప్రయాణికుడు ఒక్కడే. మిగతా చోటులో వార్తాపత్రికలు, మీగడ డబ్బాలు, వేటాడిన పక్షులు. దానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఈ రోజు రైలు ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకు రెండు గంటల పదహారు నిమిషాల్లో చేరుస్తోంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన చూసినప్పుడల్లా రెండు దేశాల మధ్య సముద్రం కింద రైలు సొరంగం తవ్వినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

గడియారం చేసే మాయ

ప్యారిస్ లండన్ కంటే గంట ముందుంటుంది. రెండు చోట్లా వేసవి సమయం మారేది ఒకే ఆదివారం కాబట్టి ఈ గంట తేడా ఏడాది పొడవునా అలాగే ఉంటుంది. లండన్‌లో పదింటికి బయల్దేరిన విమానం ప్యారిస్‌లో పన్నెండు ఇరవైకి దిగిందని టికెట్టు మీద ఉంటే రెండు గంటల ఇరవై నిమిషాలు అనుకుని కంగారుపడొద్దు, నిజంగా పట్టేది గంటా ఇరవై. తిరుగు ప్రయాణంలో దీనికి వ్యతిరేకంగా, పదింటికి ఎక్కితే పది ఇరవైకే దిగినట్టు కనిపిస్తుంది. రెండు టికెట్ల మీద ముద్రించేదీ ఏ ఊరి సమయం ఆ ఊరిదే.

దీని ప్రభావం రోజు ప్లాన్ మీద గట్టిగా ఉంటుంది. లండన్ నుంచి ప్యారిస్ వెళ్లేటప్పుడు ఒక గంట పోతుంది. ఉదయం ఆలస్యంగా బయల్దేరితే భోజనం వేళ దాటిపోతుంది. వచ్చేటప్పుడు ఆ గంట తిరిగి చేతికొస్తుంది. కాబట్టి వెళ్లే రోజు పొద్దున్నే బయల్దేరండి, వచ్చే రోజు సాయంత్రం దాకా తీరిగ్గా తిరగండి. రైలైనా విమానమైనా ఇది వర్తిస్తుంది.

గుమ్మం నుంచి గుమ్మానికి

లండన్ నడిమధ్యలో ఉండే మనిషిని తీసుకుందాం. హీత్రూ ఊరికి పడమరగా సుమారు 24 కిలోమీటర్లు. ఎలిజబెత్ లైన్‌లోనో పికడిలీ లైన్‌లోనో వెళ్తే, స్టేషన్‌కు నడకతో కలిపి గంట. విమానానికి రెండు గంటల ముందు ఉండమంటారు. అనుభవం ఉన్నవాళ్లు గంటన్నరకు కుదించుకుంటారు గానీ పెద్దవాళ్లతో ఆ సాహసం వద్దు. విమానం గంటా ఇరవై. ప్యారిస్‌లో దిగాక నడక, పాస్‌పోర్ట్ క్యూ, పెట్టెలు, కనీసం ముప్పావు గంట. క్యూ పెద్దగా ఉంటే గంటకు పైనే. అక్కడి నుంచి ఊరికి ఇంకో 25 కిలోమీటర్లు. ఆర్‌ఈఆర్ బి రైలులో గార్ దు నోర్ స్టేషన్‌కు అరగంట, ఆ పైన మెట్రో. మొత్తం కలిపితే ఆరు గంటల దగ్గర తేలుతుంది. మా ఇల్లు తూర్పున ఉంది కాబట్టి నాకు ఏడయింది.

అదే మనిషి రైలెక్కితే? సెయింట్ పాన్‌క్రాస్ స్టేషన్‌కు ట్యూబ్‌లో, అంటే లండన్ మెట్రోలో, అరగంట. సొరంగం గుండా ప్యారిస్ వెళ్లే ఆ రైలు పేరు యూరోస్టార్, దానికి గంటా గంటంపావు ముందు చేరాలి. బయల్దేరే సమయానికి అరగంట ముందే గేటు మూసేస్తారు, మన ఊళ్లో కదులుతున్న రైలు పరుగెత్తి ఎక్కినట్టు ఇక్కడ కుదరదు. ప్రయాణం రెండుంపావు గంటల పైన. ఆ తర్వాత దిగడం, నడిచి బయటికి రావడం, అంతే.

ఆ 'అంతే' అన్న మాటలోనే రైలు గెలుపు ఉంది. యూరోస్టార్ ఎక్కే ముందే సెయింట్ పాన్‌క్రాస్‌లో బ్రిటన్ వైపు భద్రతా తనిఖీ అయ్యాక, పది అడుగుల దూరంలో ఫ్రెంచ్ పోలీసులు కూర్చుని మీ వీసా చూస్తారు. ఫ్రాన్స్‌లోకి ప్రవేశం లండన్‌లోనే అయిపోతుంది. ప్యారిస్‌లో రైలు దిగితే అక్కడ క్యూ లేదు, పెట్టెల కోసం ఎదురుచూపూ లేదు. వచ్చేటప్పుడు కూడా అంతే, బ్రిటన్ అధికారులు గార్ దు నోర్‌లోనే చూసేస్తారు. మొత్తం నాలుగున్నర, ఐదు గంటలు.

ఇంకో సంగతి, 2025 అక్టోబర్ 12న యూరప్ కొత్త ప్రవేశ-నిష్క్రమణ నమోదు పద్ధతి మొదలుపెట్టింది. పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసే చోట ఇప్పుడు ఫోటోతో, అవసరమైతే వేలిముద్రలతో కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు దీనికి కొంత సమయం ఎక్కువ పడుతుంది. అది రైలుకైతే లండన్‌లో, విమానానికైతే ప్యారిస్‌లో. అమ్మానాన్నలతో వెళ్తుంటే గంటన్నర ముందే స్టేషన్‌లో ఉండండి.

మీ ఇల్లెక్కడ?

ఇక్కడే నా సలహా మనిషి మనిషికీ మారుతుంది.

ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్, స్ట్రాట్‌ఫర్డ్ వైపు ఉండేవాళ్లకు రైలు గురించి రెండో ఆలోచనే అక్కర్లేదు. మా ఈస్ట్ హామ్ నుంచి హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ మారకుండా కింగ్స్ క్రాస్ సెయింట్ పాన్‌క్రాస్‌కు తీసుకెళ్తుంది.

హౌన్‌స్లో, హేస్, స్లౌలో ఉండేవాళ్ల సంగతి వేరు. హీత్రూ మీకు పెరట్లో ఉన్నట్టు. సెయింట్ పాన్‌క్రాస్‌కు రావడానికే గంటకు పైగా పడుతుంది. చేతిసంచీ ఒక్కటే ఉంటే విమానానికీ రైలుకూ మీకు పెద్దగా తేడా రాదు. ధర చూసుకుని ఏది చవకైతే అది తీసుకోండి. రెడింగ్‌లో ఉండే స్నేహితుడొకడు ఎప్పుడూ విమానంలోనే వెళ్తాడు, అతనికి అదే సరైనది.

లూటన్, మిల్టన్ కీన్స్ వైపు ఉంటే లూటన్ నుంచి ఈజీజెట్ విమానాలున్నాయి. అయితే లూటన్ నుంచి సెయింట్ పాన్‌క్రాస్‌కు నేరుగా లోకల్ రైళ్లు కూడా ఉన్నాయని మరిచిపోకండి. దక్షిణాన క్రాయిడన్, క్రాలీలో ఉంటే గాట్విక్ దగ్గర. అక్కడి నుంచి ఓర్లీకి వెళ్లే విమానం దొరికితే ఇంకా మంచిది. ఓర్లీ ప్యారిస్‌కు దక్షిణంగా 13 కిలోమీటర్లే, 2024 జూన్‌లో 14వ నంబరు మెట్రో లైనును అక్కడిదాకా పొడిగించారు కాబట్టి ఊళ్లోకి రావడం బాగా సులువయింది.

బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, ఎడిన్‌బరాలో చదువుకుంటున్న పిల్లలు చాలామంది లండన్ వచ్చి యూరోస్టార్ ఎక్కాలా అని అడుగుతుంటారు. లండన్ కూడా చూసుకుని వెళ్లాలనుకుంటే సరే. లేదంటే ఆ మూడు ఊళ్ల నుంచీ ప్యారిస్‌కు నేరుగా విమానాలున్నాయి, అవే ఎక్కండి. ఒక్క జాగ్రత్త. టికెట్టు మీద 'ప్యారిస్ బోవే' అని ఉంటే అది ప్యారిస్ కాదు. ఊరికి ఉత్తరంగా 85 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే ఊరు. అక్కడి నుంచి బస్సులో ప్యారిస్ చేరడానికి గంటంపావు పైనే పడుతుంది, ఆ బస్సు టికెట్టు వేరే. టికెట్టు చవగ్గా కనిపించడానికి కారణం చాలాసార్లు అదే.

కెంట్‌లోని ఆష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్ స్టేషన్లలో ఒకప్పుడు యూరోస్టార్ ఆగేది. 2020 నుంచి ఆగడం లేదు. పాత వీడియోలు చూసి అక్కడ ఎక్కుదామని ప్లాన్ వేసుకోవద్దు.

దిగేది ఎక్కడ?

ప్యారిస్ ఊళ్లోకే అయితే గార్ దు నోర్ మంచి చోట దింపుతుంది. మనవాళ్లకు అందులో ఇంకో సుఖం ఉంది. స్టేషన్ దాటి ఐదారు నిమిషాలు నడిస్తే లా షాపెల్ వీధులు. శ్రీలంక తమిళుల దుకాణాలు, ఇడ్లీ, దోసె, సాంబారు దొరికే హోటళ్లు, దగ్గర్లోనే వినాయకుడి గుడి. మా అమ్మ బయట తిండి తినదు. ప్యారిస్‌లో ఉన్న మూడు రోజులూ ఆ వీధి లేకపోతే ఆవిడ అరటిపండ్ల మీదే ఉండేది. శాకాహారులైన పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు హోటల్ గది ఆ చుట్టుపక్కలో, నేరుగా మెట్రో ఉన్న చోటో తీసుకోవడం గురించి ఆలోచించండి. స్టేషన్ చుట్టూ జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టులు లోపలి జేబులోనే ఉంచుకోండి.

పిల్లలతో డిస్నీల్యాండ్‌కు వెళ్తున్నారా? అక్కడ లెక్క తారుమారవుతుంది. లండన్ నుంచి డిస్నీల్యాండ్ గేటు దాకా వెళ్లే నేరు యూరోస్టార్‌ను 2023లో ఆపేశారు. ఇప్పుడు దారిలో ఫ్రాన్స్‌లోని లీల్‌లో రైలు మారాలి. విమానంలో షార్ల్ ద గాల్‌లో దిగితే, అక్కడి స్టేషన్ నుంచే డిస్నీల్యాండ్‌కు టీజీవీ అనే ఫ్రెంచ్ వేగ రైలు పది నిమిషాల్లో చేరుస్తుంది. ఆ రైళ్లు గంటగంటకూ ఉండవు, సమయాలు ముందే చూసుకోవాలి. ఊళ్లోకి వెళ్లకుండా డిస్నీకే వెళ్లేవాళ్లకు నేను విమానమే చెబుతాను.

ప్యారిస్ నుంచి అదే రోజు ఇంకో విమానం ఎక్కాల్సినవాళ్లూ అంతే. ఒకే టికెట్టు మీద విమానం నుంచి విమానానికి మారండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే సర్దుబాటు చేసే బాధ్యత విమాన సంస్థది. రైలు ఒక టికెట్టు, విమానం వేరే టికెట్టు అయితే, రైలు ఆలస్యం వల్ల విమానం తప్పినా ఎవరూ పట్టించుకోరు.

పెట్టెలు, పచ్చళ్లు

చౌక విమానాల్లో సీటు కిందకు పట్టే చిన్న సంచీ ఒక్కటే ఉచితం. చక్రాల పెట్టెకు వేరే, విమానం అడుగున వేసే పెట్టెకు ఇంకా వేరే. మా మొదటి ప్రయాణంలో నాన్న పెట్టె కొలత రెండు వేళ్లు ఎక్కువైందని గేటు దగ్గర కట్టించుకున్న డబ్బు ఆయన టికెట్టు ధర కంటే ఎక్కువ. ఆయన ఆ రోజంతా దాని గురించే బాధపడ్డారు. నేను బుక్ చేసేటప్పుడే పెట్టె కలుపుకుని ఉంటే సగానికి సగం తగ్గేది.

యూరోస్టార్‌లో ఒక్కొక్కరూ 85 సెంటీమీటర్ల లోపు పొడవున్న పెట్టెలు రెండు, ఒక చేతిసంచీ తీసుకెళ్లొచ్చు. బరువు తూచరు. మీరే ఎత్తి పెట్టుకోగలిగితే చాలు. నీళ్ల సీసా, షాంపూ, పచ్చడి సీసా దేనికీ 100 మిల్లీలీటర్ల నిబంధన లేదు. విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లు వచ్చిన చోట ఈ నిబంధన సడలుతోంది గానీ, వెళ్లే చోట సడలినా వచ్చే చోట సడలకపోవచ్చు. ఆవకాయను చాలా విమానాశ్రయాల్లో ద్రవంగానే చూస్తారు.

పచ్చడి సంగతి ఎత్తాను కాబట్టి తిండి నిబంధనలు కూడా చెప్పాలి. రైలైనా విమానమైనా ఇవి ఒకటే. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోకి మాంసం, పాలతో చేసినవి తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, పనీర్, చికెన్ పచ్చడి ఇంట్లో పెట్టి వెళ్లండి. పచ్చి కూరగాయలు, కరివేపాకు కూడా అనుమతి పత్రం లేకుండా కుదరవు. మామిడికాయ పచ్చడి, కందిపొడి, జంతికల్లాంటి వాటితో ఇబ్బంది లేదు. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. వచ్చేటప్పుడు కూడా చూసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి బ్రిటన్ కూడా యూరప్ నుంచి మాంసం, చీజ్ లాంటివి తేవడాన్ని ఆపేసింది.

పెద్దవాళ్ల మోకాళ్ల గురించి ఒక మాట. యూరోస్టార్ రైలు దాదాపు 400 మీటర్ల పొడవు. మీ బోగీ చివర పడితే ప్లాట్‌ఫామ్ మీద నడక గట్టిగానే ఉంటుంది. కానీ విమానాశ్రయంలో నడకతో పోలిస్తే ఇది తక్కువే. నడవలేనివాళ్లకు రెండు చోట్లా చక్రాల కుర్చీ సహాయం ఉచితం, ముందే చెప్పి ఉంచాలి.

మా అమ్మ సముద్రం కింద రైలంటే అద్దాల్లోంచి చేపలు కనిపిస్తాయనుకుని కిటికీ సీటు అడిగి కూర్చుంది. సొరంగం సముద్రం నీళ్లలో లేదు, దాని అడుగున రాతి పొరలో ఉంది. మొత్తం 50 కిలోమీటర్ల పైన, అందులో సముద్రం కిందే 38 కిలోమీటర్లు. ప్రపంచంలో ఏ సొరంగానికీ సముద్రం కింద ఇంత పొడవు లేదు. 1994 మే 6న ప్రారంభమైంది. బయట 300 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే రైలు లోపల 160కి తగ్గుతుంది. ఇరవై నిమిషాలు చీకటి, చెవులు కొంచెం మూసుకుంటాయి. చీకట్లోంచి వెలుగులోకి వచ్చేసరికి పచ్చటి పొలాలు, ఫ్రెంచ్ ఊళ్లు. అమ్మ అరగంట సేపు కళ్లు తిప్పలేదు. విమానంలో ఈ ముప్పావు గంటా మాకు కనిపించింది తెల్లటి మబ్బే.

డబ్బు

యూరోస్టార్ టికెట్టు రెండు మూడు నెలల ముందు, వారం మధ్యలో కొంటే ఒకవైపు 50 పౌండ్ల చుట్టుపక్కల దొరుకుతుంది. ఆఖరి రోజుల్లో, శుక్రవారం సాయంత్రం, క్రిస్మస్ సెలవుల్లో 200 దాటుతుంది. సొరంగంలో ప్రయాణికుల రైళ్లు నడిపే సంస్థ ఇన్నేళ్లుగా అదొక్కటే. పోటీ లేకపోవడం ధరల్లో కనిపిస్తుంది. సమయం విషయంలో పట్టింపు లేని విద్యార్థులు యూరోస్టార్ స్నాప్ చూడండి. పొద్దుటా మధ్యాహ్నమా అన్నది మాత్రం మీరు ఎంచుకుంటారు, ఏ రైలో ప్రయాణానికి రెండు రోజుల ముందు వాళ్లు చెబుతారు. ధర బాగా తగ్గుతుంది.

విమానం టికెట్టు 30, 40 పౌండ్లకు కనిపించవచ్చు. దానికి కలపాల్సినవి చూడండి. హీత్రూకు ఎలిజబెత్ లైన్‌లో 13 పౌండ్ల పైన, హీత్రూ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే ఇంకా ఎక్కువ. షార్ల్ ద గాల్ నుంచి ఊళ్లోకి రైలు టికెట్టు 2025లో 13 యూరోలు చేశారు. పెట్టె డబ్బులు వేరే. పొద్దున్న ఆరు గంటల విమానమైతే ట్యూబ్ నడవని వేళ, ట్యాక్సీకి ఎంతవుతుందో ఊహించుకోండి. ఇవన్నీ కలిపాక కూడా విమానం 40 పౌండ్లు తక్కువైతే, ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లు ఎక్కొచ్చు. నలుగురి కుటుంబమైతే ఈ అదనపు ఖర్చులన్నీ నాలుగింతలవుతాయి.

అన్నిటికంటే చవకైనది బస్సు. లండన్ విక్టోరియా నుంచి ప్యారిస్ బెర్సీకి ఫ్లిక్స్‌బస్, బ్లాబ్లాకార్ బస్సులున్నాయి. ఎనిమిది నుంచి పది గంటలు. రాత్రి బస్సెక్కితే ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని మన విద్యార్థులు చాలామంది వెళ్తారు. నేనూ చదువుకునే రోజుల్లో వెళ్లాను. హైదరాబాద్ నుంచి ఊరికి స్లీపర్ బస్సులో పడుకుని వెళ్లినట్టు ఉండదిది, కూర్చునే నిద్రపోవాలి. నడిరాత్రి సరిహద్దు దగ్గర అందరినీ దింపి పాస్‌పోర్టులు చూస్తారు. తర్వాత ఓడ మీదో, బస్సుతో సహా సొరంగం రైలెక్కో దాటడం. మర్నాడు సగం రోజు నిద్రమత్తులో పోతుంది. ఇరవై రెండేళ్ల వయసుకు సరే, పెద్దవాళ్లను మాత్రం ఎక్కించవద్దు.

సొంత కారుంటే ఫోక్‌స్టన్ నుంచి కలేకు కారుతో సహా సొరంగం రైలులో 35 నిమిషాలు, డోవర్ నుంచి ఓడలో గంటన్నర. నలుగురున్న కుటుంబం ప్యారిస్‌తో పాటు పల్లెటూళ్లు కూడా తిరగాలనుకుంటే బాగుంటుంది. ప్యారిస్ ఒక్కటే చూడటానికి కారు వద్దు. అటు కుడివైపు నడపాలి, టోల్ కట్టాలి, ఊళ్లో పార్కింగ్ దొరకదు.

వీసా తేడా కొడితే ఏదీ ఎక్కలేరు

ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా పేరు షెంగెన్ వీసా. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు బ్రిటన్ వీసాతో ఫ్రాన్స్, షెంగెన్ వీసాతో బ్రిటన్ వెళ్లడం కుదరదు. బ్రిటన్‌లో ఐదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా సరే, షెంగెన్ వీసా వేరే తీసుకోవాల్సిందే. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు దాని రుసుము 90 యూరోలు. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు, కాబట్టి టికెట్ల కంటే ముందు ఈ పని పెట్టుకోండి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడ. అమ్మానాన్నలు మన దగ్గర నుంచి ముందు ప్యారిస్‌లో దిగి, లండన్ వచ్చి, మళ్లీ ప్యారిస్ వెళ్లి అక్కడి నుంచి తిరిగి వెళ్తారనుకోండి. లండన్ వచ్చిన క్షణంలో వాళ్లు షెంగెన్ దాటినట్టే. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా అక్కడితో అయిపోతుంది. వీసా మీద ఎన్నిసార్లు ప్రవేశం అని రాసి ఉందో చూసి మరీ దారి నిర్ణయించండి.

బ్రిటన్‌లో ఉండేవాళ్లకు నివాస అనుమతి కార్డులు పోయి ఇప్పుడు ఈ-వీసాలు వచ్చాయి. పాస్‌పోర్ట్ కొత్తది తీసుకుని ఉంటే ఆ నంబరు మీ ఆన్‌లైన్ ఖాతాలో చేర్చారో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. గార్ దు నోర్‌లో నిలబడి ఫోన్‌లో పాస్‌వర్డ్ వెతుక్కునే టెన్షన్ ఎవరికీ వద్దు.

ఆలస్యమైతే

పొగమంచు, గాలివాన విమానాలను ఇబ్బంది పెట్టినంతగా రైలును పెట్టవు. కానీ సొరంగంలో ఒక రైలు ఆగితే వెనకవన్నీ ఆగుతాయి, అప్పుడు వేరే దారి లేదు. విమానం సంస్థ తప్పు వల్ల మూడు గంటలకు మించి ఆలస్యమైతే ఈ దూరానికి బ్రిటన్ నిబంధనల ప్రకారం 220 పౌండ్ల పరిహారం అడగొచ్చు. వాతావరణం కారణమైతే రాదు. రైలు గంట దాటి ఆలస్యమైతే టికెట్టు ధరలో పాతిక శాతం, రెండు గంటలు దాటితే సగం తిరిగి అడగొచ్చు. అది దానంతటదే రాదు, దరఖాస్తు పెట్టాలి.

పర్యావరణం గురించి పట్టించుకునేవాళ్లకు ఒక్క మాట చాలు. ఈ దారిలో ఒక మనిషి రైలు ప్రయాణం వల్ల వెలువడే కార్బన్, విమానంతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. రెండున్నర గంటల్లోపు రైలు ఉన్న కొన్ని దారుల్లో ఫ్రాన్స్ తన దేశంలోని విమానాలను 2023లో చట్టంతో ఆపేసింది. లండన్ దారికి ఆ చట్టం వర్తించదు, ఎంచుకోవడం మన చేతిలోనే ఉంది.

అమ్మానాన్నలు వచ్చే వేసవిలో మళ్లీ వస్తున్నారు. ఈసారి అత్తయ్య కూడా వస్తోంది, ఆవిడకు ప్యారిస్ చూడాలనుంది. మంగళవారం పొద్దున్న తొమ్మిదింటి తర్వాత రైలు చూసి పెట్టాను, ఏడున్నరకల్లా స్టేషన్‌లో ఉండేలా. నాన్న పెట్టె కొలత తీయనక్కర్లేదని ముందే చెప్పాను. అమ్మ మాత్రం కిటికీ సీటు అత్తయ్యకు ఇవ్వమంది.